మామ్మ ఒక్క సూదితోనే కుట్టిందా?

మొన్న పెళ్ళిళ్ళ సీజన్లో మా పెద్దనాన్నగారబ్బాయి ఊరినుంచి వచ్చి విశాఖ సీతమ్మధారలో మా ఇంట్లో రెండు రోజులున్నాడు. నా కుట్టుబల్ల ముందుగదిలోనే ఉంటుంది. సగం కుట్టిన బొంత దాని మీంచి నేలదాకా వేలాడుతోంది. అన్నయ్య కాఫీ గ్లాసు పట్టుకుని బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏటే ఇదంతా? మామ్మ ఒక్క సూదట్టుకుని ఇంటిల్లిపాదికీ బొంతలు కుట్టీసింది. నీకిన్ని సామాన్లేటి?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్నయ్య వెళ్ళి పదిహేను రోజులైనా ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

ఆరోజు బల్లమీద ఏమున్నాయో నిజాయితీగా చెప్పేస్తాను. పిజ్జా కోసే చక్రంలాంటి గుండ్రటి బ్లేడు కట్టరు. దానికింద పరిచే ఆకుపచ్చ మ్యాటు. గళ్ళుగళ్ళుగా గీతలున్న అక్రిలిక్ స్కేలు. మూడు కత్తెరలు, అందులో ఒకటి కాగితాలకి మాత్రమే (ఎవరైనా వేరే కత్తెరతో కాగితం కోస్తే నాకు పూనకం వస్తుంది). పిన్నీసుల డబ్బా, బట్టలారేసే క్లిప్పులు, మాస్కింగ్ టేపు, మైనం ముద్ద, అరిగిపోయిన సబ్బు ముక్కలు. సూదిలో దారం ఎక్కించే రేకులు నాలుగు. నాలుగెందుకంటే, వెతుక్కునేటప్పుడు ఒక్కటైనా దొరకాలి కదా.

అన్నయ్య పొలంలో మోటారుంది. వాళ్ళ తాత ఏతంతో తోడాడు. "ఏతం చాలదేటి నీకు?" అని నేనెప్పుడూ అడగలేదు. వడ్రంగి డ్రిల్లింగ్ మిషన్ కొనుక్కుంటే "మీ నాన్న బర్మాతోనే చిల్లులు పెట్టాడయ్యా" అని ఎవరూ అనరు, పనిమంతుడంటారు. ఆడవాళ్ళ చేతిపనుల దగ్గరకి వచ్చేసరికే ఈ ఒక్క సూది కథ బయటికొస్తుంది. అది మామ్మని పొగిడినట్టే వినిపిస్తుంది. ఆలోచించినకొద్దీ ఆ పొగడ్తలో మామ్మే లేదనిపిస్తోంది నాకు.

లెక్క వేసి చూశాను

మామ్మ కుట్టిన బొంత ఒకటి ఇంకా నా దగ్గరుంది. ఐదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు. పాత నేత చీరలు పొరలుపొరలుగా పరిచి, అంగుళానికో వరస చొప్పున నిలువునా కుట్టింది. అంటే సుమారు 60 వరసలు, ఒక్కో వరస 90 అంగుళాలు. మొత్తం 5,400 అంగుళాలు, 137 మీటర్ల కుట్టు. అంగుళానికి నాలుగు పోగులు లెక్కేస్తే 21,600 సార్లు సూది దిగి లేచింది. మూరన్నర దారం కంటే పొడుగు తీస్తే చిక్కు పడుతుంది. ముడికీ చివరికీ పోగా అందులో 24 అంగుళాలు కుట్టుకి పనికొస్తుందనుకుంటే, ఒక్క బొంతకి 225 సార్లు సూదిలో దారం ఎక్కించాలి.

మామ్మకి అప్పటికే చత్వారం. కళ్ళజోడు లేదు. మరి ఆ 225 సార్లూ ఎవరెక్కించారు?

మేమే. చోడవరం దగ్గర ఆ ఇంట్లో సెలవులకి చేరిన ఆరుగురు పిల్లలం. మధ్యాహ్నం భోజనాలవగానే "ఒలే గుంటా, రాయే, దారమెట్టు" అని పిలుపొచ్చేది. తెలివైనది మామ్మ. ఒక్కొక్క సూదికీ ఒక్కొక్కసారి పిలిస్తే మేం పారిపోతామని కనిపెట్టి, ఆటలకి వెళ్ళేముందే ఇరవై సూదులకి దారాలెక్కించి దిండుకి గుచ్చి పొమ్మనేది. కూలీ బెల్లం ముక్క. అందరికంటే వేగంగా ఎక్కించేది ఎవరనుకున్నారు? ఇప్పుడు బల్ల చుట్టూ ప్రదక్షిణం చేసిన ఈ అన్నయ్యే. ఫోన్ చేసి ఆ మాటంటే బెల్లం ముక్క గుర్తుందట, సూదులు గుర్తులేవట.

పిల్లలే కాదు, చీరలు పరిచేరోజు పక్కింటి ఇద్దరు, వెనకింటి పెద్దమ్మ, మా అమ్మ నాలుగు మూలలా కూర్చునేవారు. బట్ట జరగకుండా ఆ నలుగురి మోకాళ్ళూ బరువులు. కబుర్లు చెప్పుకుంటూ దూరం దూరంగా టాకాలు వేసేసేవారు. ఆ టాకాలు పడ్డాకే మామ్మ ఒక్కతీ కూర్చుని కుట్టేది. మేం చూసిందీ, గుర్తుపెట్టుకున్నదీ ఆ ఆఖరి దృశ్యమే: వసారాలో ఒక ముసలావిడ, చేతిలో ఒక సూది.

నా ఇంట్లో మూలకి కూర్చోబెట్టడానికి మనుషుల్లేరు. అమ్మాయి బెంగళూరులో. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. అపార్ట్‌మెంట్లో ఎదుటి ఫ్లాటావిడ మంచిదే, కానీ ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. ఆ నలుగురి మోకాళ్ళ బదులే నా పిన్నీసుల డబ్బా. ఆ ఆరుగురు పిల్లల బదులే ఆ రేకు. అందుకే నా సామాను చూసి ఎవరైనా విలాసమంటే ఒప్పుకోలేను.

ఏది సాయం, ఏది షోకు

అలా అని కొన్నవన్నీ పనికొచ్చాయని అనను. సొరుగులో పడి ఉన్నవి చాలానే ఉన్నాయి. నాకు తేలిందేమిటంటే, పని తొందరగా చేయిస్తానని చెప్పే వస్తువుల్లో సగం సొరుగులోకి పోయాయి. కళ్ళనీ వేళ్ళనీ నడుమునీ కాపాడేవి మాత్రం బల్లమీదే ఉన్నాయి.

ముందుగా ఆ రేకు. నాణెమంత అల్యూమినియం ముక్క, దానిమీద ఎవరో దొరసాని తలకాయ బొమ్మ, చివర సన్నటి తీగ ఉచ్చు. పూర్ణామార్కెట్ దగ్గర టైలరింగ్ సామాన్ల కొట్టులో చిల్లర లేకపోతే దాన్నే చిల్లరగా చేతిలో పెడతారు. నెలకో రెండు నెలలకో తీగ ఊడిపోతుంది. కానీ నలభై ఐదు దాటినవాళ్ళకి అంత తక్కువ డబ్బుతో అంత పెద్ద మేలు చేసే వస్తువు ఇంకొకటి నాకు తెలీదు. దానికి మామ్మ కిటుకు కూడా కలిపాను. రీలు దారం తెంపకుండానే పది పన్నెండు సూదులు వరసగా దానికే గుచ్చి ఉంచుతాను. కావాలన్నప్పుడు ఒక సూది ముందుకి లాగి, మిగతావి వెనక్కి తోసి, దారం తెంపుకుంటే సరి. వెలుతురు బాగున్న పొద్దుటిపూట కాఫీ తాగుతూ ఎక్కించేస్తే రాత్రికి దిగుల్లేదు.

మైనం ముద్ద మీద దారాన్ని ఒకసారి లాగితే చిక్కులు సగానికి సగం తగ్గుతాయి. సూది నంబర్ల సంగతి మాత్రం ఎవరో కావాలని ఏడిపించడానికి పెట్టినట్టుంటుంది. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నగా, చిన్నగా అవుతుంది. మిషన్ సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ లావవుతుంది. పాత చీరల బొంతకి మిషన్ మీద 14 నంబరు సరిపోతుంది నాకు.

బల్ల ఎత్తు గురించి ఎవరూ చెప్పరు. రెండేళ్ళు నడుం నొప్పని మాత్రలు మింగాను. ఒకరోజు మేస్త్రీ వదిలేసిన ఇటుకలు నాలుగు బల్ల కాళ్ళకింద పెట్టాను. వంగి కోసే పని నిలబడి కోసే పనయింది. నా కుట్టుపనిలో ఇప్పటిదాకా పెట్టిన అన్ని ఖర్చుల్లోకీ ఎక్కువ ఫలితమిచ్చింది ఆ నాలుగు ఇటుకలే. అవి ఊరికే వచ్చాయి.

ఇక గుండ్రటి కట్టరు. బ్లేడు మొద్దుబారితే ముక్క విరిచి పారేసే కత్తులున్నాయి కదా, 1956లో జపాన్లో వాటిని కనిపెట్టిన ఓల్ఫా వాళ్ళే 1979లో ఈ గుండ్రటి కట్టరూ తెచ్చారు. అది వచ్చాక అతుకుల బొంత కుట్టేవాళ్ళ పనే మారిపోయింది. నాలుగు పొరలు ఒకదానిమీదొకటి పెట్టి, స్కేలు ఆన్చి ఒక్క లాగు లాగితే నాలుగు ముక్కలూ ఒకే కొలత. కత్తెరతో అలా రావు. ఆ కొలత ఎందుకంత ముఖ్యమంటే, అతుకుకి పావు అంగుళం వదలాల్సిన చోట అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చిందనుకోండి, చూపుకి ఆనదు. ఒక్కో అతుకుకి రెండు వైపులుంటాయి కాబట్టి పది అతుకులున్న వరసలో అది అంగుళంపావు అవుతుంది. పక్క వరసతో కలపబోతే అప్పుడు ఏడవాలి. దానికి మాత్రం ఖరీదైనదేదీ అక్కర్లేదు. మిషన్ సూదికి పావు అంగుళం దూరంలో మాస్కింగ్ టేపు నాలుగైదు పొరలు గోడలా అంటిస్తే బట్ట దాన్ని రాసుకుంటూ తిన్నగా పోతుంది.

అయితే ఆ కట్టరు నన్ను రెండుసార్లు భంగపరిచింది. ఒకసారి బొటనవేలు స్కేలు దాటి ముందుకొచ్చింది. మూడు కుట్లు పడ్డాయి. కుట్టు దూరం సమంగా లేదని నేను సణిగితే ఆ డాక్టరమ్మ నావైపు అదోలా చూసింది. ఇంకోసారి, కొత్త బట్టమీద వెన్నలా దిగిన బ్లేడు మామ్మ కాలంనాటి మెత్తటి చీరమీద దిగనే లేదు. బట్ట ముడతలు పడుతూ ముందుకు జరిగిపోయింది. బ్లేడు మార్చాను, మ్యాటు మార్చాను. చివరికి గుర్తొచ్చింది, గంజి!

గంజి పెట్టి, ఆరబెట్టి, కాస్త చెమ్మగా ఉండగా ఇస్త్రీ చేస్తే ఎంత నలిగిన చీరైనా కాగితంలా నిలబడుతుంది. ఐమూల కోసినా సాగదు. డబ్బాల్లో అమ్మే స్టార్చి స్ప్రేలు ఇదే పని చేస్తాయి, వాసన మాత్రం బాగుంటుంది. మామ్మ బొంతలో చీరలు నెలల తరబడి ఒళ్ళోకి తీస్తూ పెడుతూ ఉన్నా అంత తిన్నగా ఎలా నిలిచాయో నాకప్పుడు అర్థమైంది. ఆ చీరలు బతికినన్నాళ్ళూ గంజి తాగినవే. కోసిన ముక్కలు మాత్రం దాచి ఉంచకూడదు. బొద్దింకలకి విందు భోజనం పెట్టినట్టే. గంజి పెట్టిన వారంలో కోసి, కుట్టి, ఉతికెయ్యాలి.

సముద్రం పక్కన కుట్టడం

ఎక్కడో చలిదేశాలవాళ్ళు చెప్పే సలహాలు విశాఖలో సగం పనిచేయవు. అందులో మొదటిది పిన్నీసులు. పొరలన్నీ పరిచి, చేతి వెడల్పుకొకటి చొప్పున పిన్నీసులు గుచ్చితే టాకాలు అక్కర్లేదంటారు. నిజమే. నేనూ అలాగే గుచ్చి, ఆగస్టులో అమ్మాయి దగ్గరకి వెళ్ళి మూడు వారాలకి వచ్చాను. వచ్చేసరికి బీచ్ గాలి తన పని చేసుకుపోయింది. తెల్లటి నేత చీరమీద నలభైకి పైగా తుప్పు చుక్కలు. నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఎండలో పెడితే తెల్లచీర మీద చాలావరకు పోయాయి. పక్కనే ఉన్న మెరూన్ అంచు రంగు కూడా వాటితోపాటే పోయింది.

అప్పట్నించీ పిన్నీసులు ఒక వారం పనికే. అంతకుమించి ఆగేదైతే టాకాలే. పిన్నీసుల డబ్బాలో కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు నాలుగు వేస్తాను. సూదులు గుచ్చుకునే దిండులో నా తల దువ్వినప్పుడు రాలిన వెంట్రుకలు కడగకుండా కూరాను. వెంట్రుకలకున్న నూనె జిడ్డుకి సూది తుప్పు పట్టదు, బట్టలో సులువుగా జారుతుంది. ఇది పాతకాలపు చిట్కా, చాలా దేశాల్లో ఉంది. అమ్మాయికి చెప్తే "ఛీ, అమ్మా!" అంది. ఆ దిండులో సూదులు రెండేళ్ళయినా మెరుస్తున్నాయి.

గీతలు గీసుకోవడానికి ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్నులున్నాయి. 60 డిగ్రీల వేడికి గీత కనిపించకుండా పోతుంది, మైనస్ 10 డిగ్రీల చలిలో పెడితే మళ్ళీ తేలుతుంది. చలిదేశాల్లో కుట్టేవాళ్ళు దీని గురించి తెగ భయపడతారు. మన లంబసింగి చలికి కూడా ఆ గీత తిరిగి రాదు కాబట్టి మనం ధైర్యంగా గీయొచ్చనుకున్నాను. ముదురు రంగు బట్టమీద సిరా పోయినా తెల్లటి జాడ మిగిలిపోతుందని తర్వాత తెలిసింది. మళ్ళీ సబ్బుముక్కకే వచ్చాను. చివరికొచ్చి పల్చబడిన సబ్బు అంచు ఎంత సన్నటి గీత గీస్తుందో! ఉతికితే అదే పోతుంది. ఇదీ మామ్మదే.

మాస్కింగ్ టేపుకీ ఈ ఉక్కపోత పడదు. మిషన్ మీద నెల్లాళ్ళు ఉంచితే జిగురు పాకంలా కారుతుంది. పదిరోజులకోసారి మార్చాల్సిందే.

అన్నయ్య మాటలో నిజమెంత

ఇక్కడిదాకా రాసి ఆగి, నా వాదన మీద నాకే అనుమానాలొచ్చాయి. మొదటిది, మామ్మకి సాయం ఉంది అని ఎంత తేలిగ్గా అనేశాను! ఆ నలుగురు ఆడవాళ్ళూ ఊరికే రాలేదు. వాళ్ళ చీరలు పరిచినరోజు మామ్మ వెళ్ళి మూలకి కూర్చునేది. అది అప్పు, తీర్చాల్సిందే. ఎవరితోనైనా మాట పట్టింపొస్తే ఆ ఏడాది బొంత పరవడానికి మనిషి తక్కువయ్యేది. నా పిన్నీసులకి అలాంటి అలకల్లేవు. తుప్పు పడతాయి, అంతే.

రెండోది, వస్తువులు కొనడమే ఒక వ్యసనమవుతుంది. కుట్టడం మానేసి కుట్టుసామాన్ల వీడియోలు చూస్తూ గడిపిన నెలలున్నాయి. మిషన్‌కి పై బట్టని కూడా కింద పళ్ళతో సమంగా లాగే ప్రత్యేకమైన ఫుట్ ఒకటుంటుంది, వాకింగ్ ఫుట్ అంటారు. పొరలు కుట్టేటప్పుడు పైది ఒకవైపు, కిందది ఒకవైపు పోకుండా చూస్తుంది. అద్భుతమైన వస్తువు. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే నా మిషన్‌కి పట్టలేదు. వెనక్కి తీసుకోనన్నారు. రెండోది తెప్పించాను. అది పట్టింది, కానీ ఈలోపు ఆ బొంత చేత్తో కుట్టడం అయిపోయింది.

మూడోది కరెంటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. నా ఎలక్ట్రిక్ మిషన్, దీపం, ఇస్త్రీపెట్టె అన్నీ బొమ్మల కొలువులా కూర్చున్నాయి. అమ్మ పాత కాలిమిషన్ మాత్రం టకటకా నడిచింది. విరిగిపడిన చెట్లమధ్య, కిటికీ అద్దాలు లేని గదిలో, పగటి వెలుతురులో చిరిగిన కర్టెన్లతో ఒక బొంత కుట్టాను. అప్పుడు నాకున్నది ఆ మిషన్, కత్తెర, సూది. ఏ లోటూ అనిపించలేదని ఒప్పుకోవాలి. కానీ అప్పుడు నా కళ్ళు పదేళ్ళు చిన్నవి. పైగా ఆ వారమంతా పక్కవాళ్ళూ ఆఫీసుల్లేక మా ఇంట్లోనే ఉన్నారు. మూలలు పట్టుకోవడానికి మనుషులు దొరికారు.

నాలుగోది నన్ను నిజంగా తికమక పెట్టింది. ముడతలు రాకుండా ఉండాలంటే మధ్యలో మొదలుపెట్టి అంచులకి పోవాలని అందరూ చెప్తారు. నేనూ చాలామందికి చెప్పాను. ఇన్ని పిన్నీసులూ టాకాలూ అందుకే కదా. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్ధీ తెగ ఆడవాళ్ళు కుట్టే కవందీ బొంతలు దీనికి పూర్తిగా తలకిందులు. ఒక మూల మొదలుపెట్టి, అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూ, పాతబట్టల ముక్కల్ని అక్కడికక్కడే మడిచి పెట్టి కుట్టుకుంటూ మధ్యకి చేరతారు. ముందే అన్నిటినీ పట్టి ఉంచాల్సిన పనే లేదు. పిన్నీసులొద్దు, మూలల్లో మోకాళ్ళొద్దు. అంటే ఒక్క మనిషి, ఒక్క సూదితో కూర్చుని కుట్టే పద్ధతి ఒకటి ఉండనే ఉంది! అన్నయ్యకి ఈ సంగతి తెలియకపోవడం నా అదృష్టం. తెలిసినా, దారం ఎక్కించే లెక్క మారదనుకోండి. ఏ వైపునుంచి కుట్టినా ఆ 225 ఎక్కడికీ పోదు.

అందుకే బల్లమీద ఉన్నదాన్ని పక్కన పెట్టి, నేలమీద చాప వేసుకుని కవందీ పద్ధతిలో ఒక చిన్న బొంత మొదలుపెట్టాను. పిన్నీసు ఒక్కటి కూడా వాడకూడదని పంతం. సూదులు పన్నెండూ రీలుకే గుచ్చి ఉన్నాయి, రేకు పక్కనే ఉంది, వాటి విషయంలో పంతం లేదు. రెండు చుట్లయ్యాయి. ఇప్పటిదాకా ముడత రాలేదు. కాకపోతే ఒక మూల దగ్గర లోపలి చీర కాస్త ఉబ్బి ముందుకి తోసుకొస్తోంది. దాన్ని అదిమి పట్టుకోవడానికి కాఫీ ఫిల్టరు పెట్టాను.